గంటన్నర తేడా

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం ఏదైనా మాట్లాడమని మన రేడియో మిత్రులు అడిగినప్పుడు, కంప్యూటర్ల గురించి మాట్లాడతాననుకున్నారేమో. నా ఉద్యోగం అదే. పదమూడేళ్ళుగా దుబాయిలో ఐటీ కన్సల్టెంటుగా ఉంటున్నాను. కానీ ఇవాళ నేను బొమ్మల గురించి మాట్లాడబోతున్నాను. బొమ్మలంటే గోడకు వేలాడే రంగుల చిత్రాలు మాత్రమే కాదు. ఈ ఎడారి దేశంలో కొందరు కళాకారులు ఫోనూ, జీపీఎస్సూ, బ్యాంకు ఖాతా, ఖాళీ హోటలు గదీ, గుండె చప్పుడూ పెట్టి చేసిన పనుల గురించి. మహానగరంలో మనిషి ఒంటరితనం గురించి వాళ్ళు చెప్పినది నాకు ఎందుకు తగిలిందో చెప్పాలంటే ముందు మా అమ్మ గురించి చెప్పాలి. అందులో నా తప్పు ఒకటుంది. అది చెప్పకుండా మిగతాది చెబితే ఉపన్యాసం అవుతుందే గాని మాట అవదు.

నేను కళావిమర్శకుణ్ణి కాను. ఇంజనీరింగు, తర్వాత మాస్టర్స్ చదివాను. చిన్నప్పుడు డ్రాయింగు క్లాసులో నాకు వచ్చింది ఒకటే, రెండు కొండల మధ్య సూర్యుడు. కాబట్టి నా మాటల్లో పొరపాట్లుంటే పెద్దమనసుతో సర్దుకోండి.

మాది తెనాలి. నాన్న 2019లో పోయారు. అమ్మ ఆ ఇల్లు వదిలి రానంది. "ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది, ఇప్పుడు నాకు దుబాయి ఎందుకురా" అని నవ్వేది. ఒకసారి వచ్చింది, రెండు నెలలుంది. ఇరవై మూడో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని, "కిందికి చూస్తే మనుషులు చీమల్లా ఉన్నారు, పక్కకి చూస్తే అసలు లేరు" అని, వెళ్ళిపోయింది.

2023 ఎండాకాలం సెలవలకు వెళ్ళినప్పుడు ఇంట్లో రెండు కెమెరాలు పెట్టించాను. ఒకటి వరండాలో, ఒకటి హాల్లో. ఫోనులో యాప్ తెరిస్తే అమ్మ కనిపిస్తుంది. ఎవరైనా గేటు తీస్తే నాకు ఫోనులో టింగుమని మోగుతుంది. అమ్మకు వివరించి చెప్పాను. "సరేలే, నీ భయం నీది" అంది. మిత్రుల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఇద్దరు ముగ్గురు నన్ను చూసి వాళ్ళ ఇళ్ళల్లోనూ పెట్టించారు.

ఈ కథ ఇక్కడ ఆపి, కాసేపు ఈ ఊరి సంగతి చూద్దాం.

1975లో దుబాయి జనాభా రెండు లక్షల లోపు. ఇప్పుడు 36 లక్షలు దాటింది. ఒక మనిషి జీవితకాలం గడవకుండానే పడవల రేవు మహానగరం అయింది. 2009 సెప్టెంబరులో మెట్రో మొదలైంది, డ్రైవరు లేని రైలు అది. 2010 జనవరిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా తెరిచారు. ఈ దేశం మొత్తంలో మన భారతీయులం 35 లక్షలకు పైగా ఉన్నాం. అంటే మనవాళ్ళు లేని చోటు లేదు. అయినా ఒక్కసారి ఆలోచించండి. పొద్దున్న లేచి లిఫ్టులో దిగి, డ్రైవరు లేని రైలెక్కి, కార్డు తాకించి గేటు దాటి, ఫోనులో కాఫీ ఆర్డరిచ్చి, సాయంత్రం ఫోనులోనే సరుకులు తెప్పించుకుని, "తలుపు దగ్గర పెట్టి వెళ్ళండి" అని నొక్కి పడుకోవచ్చు. రోజంతా ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడనక్కర లేదు. తెనాలిలో ఇది సాధ్యం కాదు. ఒక కొత్తిమీర కట్ట కొనాలన్నా నలుగురికి జవాబు చెప్పుకోవాలి.

ఈ సంగతి మనం అప్పుడప్పుడూ అనుకుని మర్చిపోతాం. ఇక్కడి కళాకారులు మర్చిపోలేదు.

ముందుగా ఈ దారి వేసిన పెద్దాయన పేరు చెప్పుకోవాలి. హసన్ షరీఫ్. 1951లో పుట్టారు, 2016లో పోయారు. మొదట పత్రికలకు కార్టూన్లు గీసేవారు. లండనులో బయమ్ షా కళాశాలలో చదివి, 1984లో తిరిగి వచ్చారు. ఇక్కడి బజార్లలో దొరికే చవక సామాను, అంటే ప్లాస్టిక్ చెప్పులు, తాళ్ళు, అట్టముక్కలు, తీగలు తెచ్చి కుప్పలుగా కట్టేవారు. 1983లో ఎడారిలో గెంతి, ఆ గెంతడాన్నే ఫోటోలు తీయించి, ఇదే నా కళ అన్నారు. చూసినవాళ్ళు నవ్వి ఉంటారు. మన ఊళ్ళోనైతే తప్పక నవ్వేవాళ్ళం. కానీ ఆలోచిస్తే, నూనె డబ్బు వచ్చి చుట్టూ అంతా మారిపోతున్నప్పుడు, ఓడల్లో కుప్పలుగా సరుకు దిగుతున్నప్పుడు, ఒక మనిషి ఆ సరుకును ముడివేసి కూర్చుని "ఇదంతా ఏమిటి?" అని అడగడంలో వెర్రి ఏమీ లేదు.

ఆయన శిష్యుల్లో ఒకరు మహమ్మద్ కాజిమ్. 1969లో దుబాయిలో పుట్టారు. ఈయన కథ నన్ను పట్టుకుంది. ఒకసారి స్నేహితులతో పడవ మీద చేపల వేటకు వెళ్ళి, ఎవరూ చూడకుండా సముద్రంలో పడిపోయారు. పడవ ముందుకు వెళ్ళిపోయింది. అరగంటకు పైగా ఒక్కడే నీళ్ళలో. చుట్టూ నీళ్ళు, పైన ఆకాశం, "నేను ఎక్కడున్నాను" అని చెప్పడానికి ఒక్క గుర్తు లేదు. చివరికి స్నేహితులు వెనక్కి వచ్చి పట్టుకున్నారు. ఆ తర్వాత 1999 నుంచి ఆయన జీపీఎస్ యంత్రం పట్టుకుని తిరిగారు. తాను నిలబడిన చోటి అక్షాంశ రేఖాంశాల అంకెలే ఆయన బొమ్మలయ్యాయి. వాటికి 'దిక్కులు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ అంకెలను చెక్కల మీద చెక్కి, 2002లో సముద్రంలో వదిలేశారు. పాస్‌పోర్టు అడిగేవాడు లేకుండా అవి ఎటు కొట్టుకుపోతే అటు. 2013లో వెనిస్ బినాలేలో ఈ దేశం తరఫున ఆయన ఒక్కరి పనినే ప్రదర్శించారు. ఒక గుండ్రటి గది, చుట్టూ గోడలంతా కదిలే సముద్రం, మధ్యలో చూసేవాడు నిలబడే చోట కింద వెలిగే అంకెలు. మీరు ఎక్కడున్నారో ఆ అంకెలు అణువంత తేడా లేకుండా చెబుతాయి. చుట్టూ చూస్తే మటుకు నీళ్ళే.

ఈ పని గురించి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నవ్వు తర్వాత కొంచెం భయం వేసింది. మన ఫోనుల్లో 'లొకేషన్ పంపు' అని ఒకటుంది కదా. మనం రోజుకు పదిసార్లు పంపుతాం. టాక్సీవాడికి, భోజనం తెచ్చే కుర్రాడికి, భార్యకు. నేను ఎక్కడున్నానో ప్రపంచానికంతటికీ తెలుసు. ఎలా ఉన్నానో అడిగేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టే అంతమంది. కాజిమ్ గారు నీళ్ళలో పడి తెలుసుకున్నది మనం టాక్సీలో కూర్చుని తెలుసుకోవచ్చు.

రెండో ఆమె ఇబ్తిసామ్ అబ్దులజీజ్. 1975లో పుట్టారు. చదివింది లెక్కలు, సైన్సు. అందుకే నాకు చుట్టంలా అనిపిస్తారు. ఆవిడ 'ఆత్మకథ' అని ఒక పని చేశారు. మనం ఆత్మకథ అంటే పుట్టిన ఊరు, అమ్మానాన్నలు, చదువు అని మొదలుపెడతాం. ఆవిడ తల నుంచి పాదాల దాకా ఒంటికి అతుక్కునే నల్లటి బట్ట వేసుకుని, దాని మీద తన బ్యాంకు ఖాతా లెక్కల అంకెలు ఆకుపచ్చ రంగులో వేయించుకుని, ఊళ్ళో మామూలు చోట్ల తిరిగారు. మొహం లేదు, పేరు లేదు. అంకెలే నడుస్తున్నాయి. ఇదే నా ఆత్మకథ అన్నారు.

మనలో ఎవరికి ఇది అర్థం కాదు చెప్పండి? ఇక్కడ మన వీసా ఒక అంకె, గుర్తింపు కార్డు ఒక అంకె, జీతం స్లిప్పు ఒక అంకె. ఊరికి ఫోను చేస్తే మొదటి ప్రశ్న "ఎంతొస్తోంది?" రెండో ప్రశ్న "ఎంత మిగులుతోంది?" దిరహము విలువ పెరిగితే మనకు పండగ. తప్పేమీ కాదు, వచ్చిందే దానికోసం. కానీ పదేళ్ళ తర్వాత మన ఆత్మకథ రాయమంటే, ఆ నల్లబట్ట మీది అంకెలు కాక ఇంకేం రాస్తాం అని ఆవిడ అడిగినట్టు నాకనిపించింది.

మూడో ఆమె లమ్యా గర్గాష్, ఫోటోగ్రాఫరు. 1982లో పుట్టారు. గల్ఫు దేశాల్లో మొట్టమొదటగా 2009లో ఈ దేశం వెనిస్ బినాలేలో సొంత పెవిలియను పెట్టింది. అప్పుడు లమ్యా తీసిన ఫోటోలనే అక్కడ పెట్టారు. ఏం ఫోటోలనుకున్నారు? ఏడు నక్షత్రాల హోటళ్ళు కాదు. ఇక్కడి ఒక్క నక్షత్రం హోటళ్ళ గదులు. పువ్వుల దుప్పటి, గోడకు వేలాడే చవకబారు సీనరీ, కుర్చీ, టీవీ. మనుషులు ఉండరు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టూ, ఎవరో రాబోతున్నట్టూ ఉంటుంది. అంతకుముందు ఆవిడే, జనం వదిలి వెళ్ళిన పాత ఇళ్ళను కూడా అలాగే తీశారు.

ఆ గదులు చూస్తే నాకు నా మొదటి గది గుర్తొచ్చింది. నేను వచ్చిన కొత్తలో బర్ దుబాయిలో బెడ్‌స్పేసులో ఉండేవాణ్ణి. మన శ్రోతల్లో చాలామందికి ఆ మాట విడమరిచి చెప్పనక్కర లేదు. ఒక గదిలో ఆరు మంచాలు, ఒక మంచం నాది. మంచానికి చుట్టూ బట్ట కట్టుకుంటే అదే ఇల్లు. ఆ పరదా లోపల ప్రతివాడూ చెవుల్లో తీగలు పెట్టుకుని ఊరితో మాట్లాడుకునేవాడు. ఆరుగురం ఉన్నాం, ఆరు ఊళ్ళు ఉన్నాయి, గదిలో ఎవరూ లేరు. పక్క మంచం అతనికి పెళ్ళి కుదిరిందని నాకు మూడు నెలల తర్వాత ఫేస్‌బుక్కులో తెలిసింది. అతని కాళ్ళు నా తలకు మూరెడు దూరంలో ఉండేవి.

అదే రోజుల్లో, అంటే 2015 జనవరిలో, అబుదాబి కార్నిష్‌లో ఒక ప్రదర్శన పెట్టారు. చేసినాయన రఫాయెల్ లొజానో హెమ్మర్, మెక్సికోలో పుట్టిన కళాకారుడు. ఆయనకు ఈ ఆలోచన ఎలా వచ్చిందో ఆయనే చెప్పుకున్నారు. భార్య కడుపులో కవలలు ఉన్నప్పుడు, ఇద్దరి గుండెలూ ఒకేసారి వినాలని డాక్టరును రెండు యంత్రాలు పెట్టమని అడిగారట. రెండు చప్పుళ్ళు వేరు వేరు తాళాల్లో, ఒకదానితో ఒకటి కలిసీ కలవకుండా. అక్కడి నుంచి 2006లో మెక్సికోలో ఒక గది నిండా బల్బులు వేలాడదీశారు. మీరు ఒక పిడి పట్టుకుంటే మీ గుండె కొట్టుకునే తాళంలో ఒక బల్బు వెలిగి ఆరుతుంది. మీరు వదిలేస్తే ఆ వెలుగు పక్క బల్బుకు జరుగుతుంది, మీ చోటికి ఇంకొకరి గుండె వస్తుంది. అబుదాబిలో బల్బులకు బదులు ఆకాశంలోకి పోయే పెద్ద పెద్ద సెర్చిలైట్లు పెట్టారు.

అప్పట్లో ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు. గదిలో ఏం తోచక ఒక శుక్రవారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక అరబ్బు కుటుంబం, వెనక ఫిలిప్పీన్సు అమ్మాయిలు. నా వంతు వచ్చి చెయ్యి పెట్టగానే ఆకాశంలో లైట్లు నా గుండెతో పాటు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. దూరాన కార్లలో పోయేవాళ్ళు కూడా చూస్తున్నారు. వాళ్ళెవరికీ అది నా గుండె అని తెలియదు. నాకు తెలుసు. ఆ దేశానికి వచ్చి మూడేళ్ళయింది, నేను బతికి ఉన్నానని ఆ ఊరికి తెలిసింది ఆ ఒక్క నిమిషమే అనిపించింది. తర్వాత ఫిలిప్పీన్సు అమ్మాయి చెయ్యి పెట్టింది. ఆమె గుండె నాకంటే వేగంగా కొట్టుకుంది. ఆమె నా వైపు చూసి నవ్వింది, నేనూ నవ్వాను. పేరు అడగలేదు. తిరుగు బస్సులో అంతా అదే తలుచుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. సర్వర్లు పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టే వ్యవస్థలు పెట్టడం నా పని. ప్రతి సర్వరూ కొన్ని సెకన్లకొకసారి "నేను బతికే ఉన్నాను" అని ఒక చిన్న సంకేతం పంపుతుంది. దాన్ని మా భాషలో హార్ట్‌బీట్ అంటాం, గుండె చప్పుడే. సంకేతం వస్తున్నంతసేపు తెర మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ఆకుపచ్చగా ఉన్న సర్వరును ఎవరూ పలకరించరు. ఎర్రబడితేనే పరుగెత్తుతాం. అది మంచి పద్ధతి. సర్వర్లకు.

ఇప్పుడు మా తెనాలి ఇంటికి వద్దాం.

కెమెరాలు పెట్టకముందు నేను అమ్మకు రోజూ ఫోను చేసేవాణ్ణి. 2017 చివర్లో ఇక్కడ స్కైపు ఆగిపోయినప్పుడు తిప్పలు పడ్డాను, డబ్బు కట్టి వేరే యాప్ పెట్టుకున్నాను. ఆ స్కైపు 2025 మే నెలలో లోకమంతటా మూతపడింది. ఏ దారి మూసుకుపోయినా ఇంకో దారి వెతికి రోజూ మాట్లాడేవాణ్ణి. మనకూ అక్కడికీ గంటన్నర తేడా. రాత్రి తొమ్మిదింటికి అమ్మ సీరియలు చూసేటప్పుడు నాకు ఏడున్నర. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి ఆమెకు పది, నిద్రకు వాలుతుంటుంది. ఆ సందులో పది నిమిషాలు మా ఇద్దరివి.

కెమెరా పెట్టాక ఏమైందంటే, మీటింగు మధ్యలో ఫోను తీసి చూస్తే అమ్మ వరండాలో పూలు కోస్తూ కనిపించేది. హాల్లో కూర్చుని పేపరు చదువుతూ కనిపించేది. బాగానే ఉంది కదా అనుకునేవాణ్ణి. ఫోను రోజు మార్చి రోజు అయింది, తర్వాత వారానికొకసారి. మాట్లాడటం తగ్గించానని నాకు తెలియలేదు. ఎందుకంటే నేను ఆమెను రోజూ చూస్తూనే ఉన్నాను. నా మటుకు నాకు రోజూ ఆమెతోనే ఉన్నట్టుంది.

పోయిన ఏడాది ఒక సోమవారం పొద్దున్న హాలు కెమెరా తెర నల్లగా ఉంది. వరండా కెమెరాలో ఎవరూ లేరు. ఫోను చేస్తే ఎత్తలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పక్కింటి పిన్నిగారికి చేశాను, ఆవిడ గుడికి వెళ్ళారట. ఇరవై నిమిషాలు. కాజిమ్ గారు నీళ్ళలో ఉన్నది అరగంట. నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నది ఇరవై నిమిషాలు. తర్వాత అమ్మే చేసింది. స్నానానికి వెళ్ళిందట.

"హాల్లో కెమెరా పనిచెయ్యట్లేదమ్మా" అన్నాను.

"పనిచేస్తోంది. దానిమీద తువ్వాలు వేశాను" అంది.

"ఎందుకు?"

"ఏరా, నువ్వు నన్ను చూస్తున్నావు. నేను నిన్ను చూడటం లేదు. ఇదేం న్యాయం? మీ నాన్న ఫోటో కూడా అంతే, గోడ మీద నుంచి చూస్తూ ఉంటారు, మాట్లాడరు. ఇంట్లో అలాంటివాళ్ళు ఒకరు చాలు."

కోపంగా అనలేదు. వంటలో ఉప్పు తక్కువైంది అన్నట్టు అంది. నాకు మటుకు చాలాసేపు మాట రాలేదు.

ఢిల్లీలో రాక్స్ మీడియా కలెక్టివ్ అని ముగ్గురు కళాకారుల బృందం ఉంది. 2009లో వాళ్ళు 27 గడియారాలతో ఒక పని చేశారు. మామూలు గడియారాల్లాగే ముళ్ళు తిరుగుతాయి. కానీ ఒకటీ రెండూ మూడూ ఉండవు. అంకెల చోట మనసు స్థితులు రాసి ఉంటాయి. ఆందోళన, కర్తవ్యం, అపరాధభావం, అలసట, భయం, పాత జ్ఞాపకాల బెంగ, ఆనందం, ఇలాగ. 24 గడియారాలు లోకంలోని ఊళ్ళవి, మూడు కథల్లో మాత్రమే ఉన్న ఊళ్ళవి. ఒకే క్షణంలో ఒక ఊళ్ళో భయం నడుస్తుంటే ఇంకో ఊళ్ళో అలసట నడుస్తూ ఉంటుంది. ఈ పని గురించి నేను ముందే చదివాను. తువ్వాలు కప్పిన రోజున అర్థమైంది. ఇన్నాళ్ళూ నాకూ అమ్మకూ గంటన్నరే తేడా అనుకున్నాను. నా గడియారంలో 'కర్తవ్యం' దగ్గర ముల్లు ఆగి ఉంది. ఆమె గడియారంలో ఏం నడుస్తోందో నేను అడగలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. కాజిమ్ గారిదే ఇంకో పని ఉంది. తన ఇంటి కిటికీ లోంచి కనిపించే ఎదుటి స్థలంలో భవనం లేస్తుంటే, 2003 నుంచి 2005 దాకా దాన్నీ, కట్టే కూలీలనూ వరసగా ఫోటోలు తీశారు. భవనం పూర్తయ్యాక కిటికీలోంచి భవనమే కనిపిస్తుంది. కట్టినవాళ్ళు వేరే కిటికీల ఎదుటికి వెళ్ళిపోతారు.

నా కిటికీ ఎదుట కూడా ఒక టవరు లేస్తోంది. పోయిన చలికాలం మా అద్దాలు తుడవడానికి తాళ్ళ మీద వేలాడుతూ ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. అద్దానికి అవతల ఒకడు, ఇవతల నేను ల్యాప్‌టాపుతో. సాయంత్రం లిఫ్టులో ఆ కుర్రాడే కనిపించాడు. ఫోనులో తెలుగు పాట వినిపిస్తోంది. "మీది ఏ ఊరు?" అన్నాను. అతను గతుక్కుమని, "జగిత్యాల దిక్కు సార్. మీరు తెలుగోళ్ళా? మూడు రోజుల సంది అద్దంల నుంచి మిమ్ముల చూస్తున్న, మలబారాయన అనుకున్న" అన్నాడు.

కింద కెఫెటేరియాలో టీ తాగాం. అతని నాన్న కూడా ఎనభైల్లో ఇక్కడే పనిచేశాడట. అప్పుడు ఫోను చేయాలంటే ఒకరోజు కూలి పోయేది. అందుకని క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి పోయే వాళ్ళ చేతికిచ్చి పంపేవాడట. "మా అమ్మ ఆ క్యాసెట్టు టేపు తెగేదాక ఇన్నది సార్. తెగినంక అతికిచ్చి మల్ల ఇన్నది. నేను దినాం వీడియో కాల్ చేస్త. రెండు నిమిషాలైతే 'ఇగ పెట్టేయి బిడ్డా' అంటది" అన్నాడు.

ఆ మాటకు జవాబు నా దగ్గర లేదు. అరవై నిమిషాల క్యాసెట్టులో ఆ తండ్రి ఏం మాట్లాడి ఉంటాడు? ఎదురుగా ఎవరూ లేరు, జవాబు రావడానికి నెలలు పడుతుంది. అయినా అరవై నిమిషాలు నిండా మాట్లాడాడు. తిన్నదీ, చూసిందీ, మేకల ధరా, బిడ్డ చదువూ. మనకు ఎదురుగా మొహం కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాలకు మాటలు అయిపోతున్నాయి.

దీనికి కళ ఏం చేస్తుంది అని మీరు అడగొచ్చు. మా మిత్రుడొకరు అడిగారు కూడా. "ఇదంతా గ్యాలరీలకు వెళ్ళే డబ్బున్నవాళ్ళ వేడుక, ఆ అద్దాలు తుడిచే కుర్రాడికి దీనితో ఏం పని?" అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇక్కడ విక్రమ్ దివేచా అని ముంబయిలో పెరిగిన ఒక కళాకారుడున్నారు. 2015లో ఆయన, రోజూ పై అధికారి చెప్పినట్టు కంచెమొక్కలను నిలువుగా, చదరంగా కత్తిరించే తోటపనివాళ్ళతో, "ఈసారి మీకు నచ్చినట్టు కత్తిరించండి" అన్నారు. వాళ్ళు కత్తిరించిన ఆకారాలే ఆ కళ. దానివల్ల వాళ్ళ జీతం పెరగలేదు, గది మారలేదు. కానీ ఆ దారిన పోయేవాడు మొక్కను చూసి, "ఎవరు చేశారిది?" అని ఒక్కసారి అనుకుని ఉంటాడు. నాకు తెలిసినంతలో కళ చేసేది అంతే. ఆకుపచ్చ చుక్క వెనక ఒక మనిషి ఉన్నాడని గుర్తుచేస్తుంది. తర్వాత చెయ్యాల్సింది మనమే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. షార్జాలో ఆర్ట్ ఫౌండేషన్ వాళ్ళ ప్రదర్శనలు, అల్ కూజ్‌లో అల్‌సర్కాల్ ఎవెన్యూ గ్యాలరీలు, 2018లో జద్దాఫ్ నీటి ఒడ్డున తెరిచిన జమీల్ ఆర్ట్స్ సెంటరు, వీటిలో మామూలుగా ప్రవేశానికి డబ్బులు అడగరు. మాల్‌లో తిరిగే సమయంలో ఒక గంట అటు వెళ్ళి చూడండి. పిల్లలను తీసుకెళ్ళండి. అర్థం కాకపోతే వాళ్ళనే అడగండి, మనకంటే బాగా చెబుతారు. జగిత్యాల తమ్ముణ్ణి నేను ఒక శనివారం షార్జా తీసుకెళ్ళాను. ఒక గదిలో తాళ్ళూ, చెప్పులూ కుప్పగా కట్టి ఉన్నది చూసి, "ఇది మా గది లెక్కనే ఉన్నది సార్" అని పగలబడి నవ్వాడు. హసన్ షరీఫ్ గారు బతికి ఉంటే ఆ మాటకు సంతోషించేవారనుకుంటాను.

ఇక మా ఇంటి సంగతి. హాల్లో కెమెరా తీసేయించాను. వరండాలోది ఉంచాం, గేటు దగ్గర దొంగల భయం ఉంది కాబట్టి. అది కూడా అమ్మను అడిగే ఉంచాను. రాత్రి ఏడున్నరకు, అంటే ఆమె తొమ్మిదింటికి, ఆఫీసులో ఉన్నా సరే లేచి బయటికి వచ్చి ఫోను చేస్తున్నాను. సీరియలు పోతోందని విసుక్కుంటుంది. వీడియో వద్దంటుంది, చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడటమే ఇష్టం ఆమెకు. ఏం మాట్లాడాలో తెలియని రోజులూ ఉంటాయి. అప్పుడు నేను ఆ రోజు లిఫ్టులో ఎవరు కనిపించారో చెబుతాను. అలా చెప్పడానికైనా లిఫ్టులో తలెత్తి చూడటం అలవాటైంది. మా అంతస్తులో నాలుగేళ్ళుగా ఉన్న సూడాను పెద్దాయన పేరు నాకు ఈ మధ్యనే తెలిసింది. అమ్మకు ఆయన మోకాలి నొప్పి సంగతి కూడా తెలుసు. వాము నూనె రాసుకోమని చెప్పమంది, చెప్పాను.

మొన్న అమ్మ అడిగింది, "ఆ తువ్వాలు ఏం చేశావురా?" అని. పోయిన సెలవల్లో కెమెరా తీయించినప్పుడు ఆ తువ్వాలు నేను వెంట తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో ఆమెకు చెప్పలేదు, నాకూ సరిగా తెలియదు. బల్ల మీద ఆఫీసు మానిటరు పక్కన మడతపెట్టి ఉంది.

ఇప్పుడు ఇక్కడ టైము ఏడూ ఇరవై. నాకు ఇంకా పది నిమిషాలుంది. మీకు కూడా ఎక్కడో ఒకచోట ఎవరికో తొమ్మిది కాబోతూ ఉంటుంది.